ఒకటిన్నర

రైలింజన్‌కి బరువే బలం. హౌరా నుంచి మద్రాసు వైపు పోయే మెయిళ్ళను ఇవాళ లాగుతున్న డబ్ల్యూఏపీ-7 ఎలక్ట్రిక్ ఇంజన్ తూకం 123 టన్నులు. ఆరు ఇరుసులకు పంచితే ఒక్కోదాని మీద ఇరవైన్నర టన్నులు. దాన్ని కాస్త తేలిక చేస్తే బాగుంటుందని ఎవరైనా అంటే మా ఖరగ్‌పూర్ కార్ఖానాలో టీ తాగుతున్నవాళ్ళకు పొలమారుతుంది. ఇనప పట్టా మీద ఇనప చక్రం జారకుండా నిలవాలంటే పైనుంచి బరువు తొక్కిపెట్టాలి. అది లేకపోతే ఎంత శక్తి ఉన్నా ఇంజన్ ఉన్నచోటే చక్రాలు తిప్పుకుంటూ కూచుంటుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో మాంచెస్టర్ నుంచి తెప్పించిన ఎన్ క్లాస్ గారట్ ఆవిరి ఇంజన్లు ఒక్కోటి 234 టన్నులు. ఆ తూకాన్ని మా తాత తరం పుట్టినతేదీల కంటే బాగా గుర్తుపెట్టుకుంది.

అలాంటి ఊళ్ళో, అలాంటి ఇంట్లో, ఒక పిల్ల విమానాల చదువు చదువుతానంది. నేను ఇవాళ రాయబోయేదంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

ఆ పిల్ల మా చెల్లెలి కూతురు. నేను పూరీ గేట్ దగ్గర ఇంటిముందు గదిలో పిల్లలకు లెక్కలు చెబుతాను. మా నాన్న కార్ఖానాలో, వీల్ షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. తాత అంతకు ముందే విజయనగరం వైపు నుంచి వచ్చి ఖలాసీగా చేరాడు. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళ కథ చాలావరకు ఇదే. రైల్వే కంపెనీ ఇక్కడ కార్ఖానా కట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం నుంచి రైలెక్కి వచ్చినవాళ్ళ మనవలూ మునిమనవలం. మథురకాటీలో, నింపురాలో, గోల్‌బజార్ వెనక వీధుల్లో బెంగాలీ, హిందీ, ఒడియా కలిసిన ఉత్తరాంధ్ర యాసతో మాట్లాడుకుంటూ బతికేస్తున్నాం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగును అధికార భాషల్లో చేర్చినప్పుడు దానికి కారణం ముఖ్యంగా మా ఊరే. దానివల్ల మా వీధిలో కొళాయి ముందుగా రాలేదనుకోండి, అది వేరే సంగతి.

స్టేషన్ నుంచి ఐఐటీకి పోయే టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు, పూరీ గేట్ మీదుగానే పోతాయి. ఒక దిక్కున కార్ఖానా, క్వార్టర్లు, ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని పేరుపడ్డ 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం. రెండో దిక్కున ఐఐటీ. ఆ ఐఐటీలో తొలి ఏళ్ళ నుంచీ ఉన్న శాఖల్లో విమానాలది ఒకటి. అప్పుడు ఏరోనాటికల్ అనేవారు, ఇప్పుడు ఏరోస్పేస్. రెండింటి మధ్య దూరం టోటోకి మహా అయితే ఇరవై రూపాయలు. మనుషులకు మాత్రం మూడు తరాలు పట్టింది. మా తాత అటువైపు వెళ్ళిందే లేదు. నాన్న వెళ్ళింది పూజ సెలవుల్లో ఆవరణ చూడటానికి.

మా బావ, అంటే ఆ పిల్ల తండ్రి, గూడ్సు నడుపుతాడు. కబురు వినగానే నా మీదకే వచ్చాడు. "ఏటి బావా, గుంటకి ఏటి నేర్పేసినావు? కంప్యూటర్ తీసుకోమంటే ఇమానాలంతాది" అన్నాడు. నేను నేర్పింది త్రికోణమితి అని చెప్పినా వినలేదు. అయితే ఆ తర్వాత అతనడిగిన ప్రశ్న మటుకు గట్టిది. "మన దేశంలో రైలింజన్లు చేసే కార్ఖానాలు చిత్తరంజన్‌లో ఉన్నాయి, వారణాసిలో ఉన్నాయి. ఇమానాలు చేసేదెవరు? రేపు దీనికి పనిచ్చేదెవరు?"

ఎగతాళిగా అడిగినది కాదు అది. రైల్వే ఇంట్లో పుట్టినవాళ్ళు ఉద్యోగాన్ని ఎలా లెక్కగడతారో తెలిస్తే ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది. జీతం ఒక్కటే చూడరు. క్వార్టరు ఉంటుంది. పాసు ఉంటుంది. జబ్బు చేస్తే రైల్వే ఆసుపత్రి. మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం. నాన్న తరానికి పింఛను. ఒకటి తెగినా ఇంకో నాలుగు పట్టుకుని ఆపే ఏర్పాటది. ఇంజనీర్లు దీన్నే భద్రతా గుణకం అంటారు. ఒక వస్తువు మోయాల్సిన భారానికి ఎన్ని రెట్లు మోయగలిగేలా కట్టామన్నదే ఆ అంకె. లిఫ్టు తాళ్ళకు అది పది దాకా ఉంటుంది. మా బావ కూతురి జీవితానికి కనీసం ఐదైనా కావాలంటున్నాడు.

విమానానికి ఒకటిన్నర.

మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పు అనుకుంటారు. కాదు. విమానం తన మొత్తం సేవాకాలంలో ఎదుర్కోవచ్చని అంచనా వేసిన అతి పెద్ద భారం ఎంతో ముందు లెక్కగడతారు. దానికి ఒకటిన్నర రెట్లు భారం పెట్టినప్పుడు ఆ నిర్మాణం మూడు సెకన్ల పాటు విరగకుండా నిలవాలి. నిబంధన అడిగేది అంతే. మూడో సెకను దాటాక విరిగినా తప్పుపట్టరు. వందల ప్రాణాలను పది కిలోమీటర్ల ఎత్తున మోసే యంత్రానికి పెట్టుకున్న గుణకం, అపార్టుమెంటు లిఫ్టు తాడుకి పెట్టుకున్నదాంట్లో ఆరో వంతో ఏడో వంతో.

ఎందుకంత తక్కువ? ఐదు పెడితే అది ఎగరదు కాబట్టి. రెక్క మందం పెంచితే బరువు పెరుగుతుంది. ఆ బరువు మోయడానికి ఇంకా పెద్ద రెక్క కావాలి, దానికి ఇంకా పెద్ద ఇంజను, దానికి ఇంకా ఇంధనం, ఆ ఇంధనానికి మళ్ళీ రెక్క. రాకెట్టు సంగతి మరీ ఘోరం. పీఎస్ఎల్వీ పెద్ద రకం నేల మీంచి లేచేటప్పుడు 320 టన్నులుంటుంది. ధ్రువకక్ష్యలోకి చేర్చేది దాదాపు 1,750 కిలోల ఉపగ్రహాన్ని. వెయ్యి కిలోలు లేపితే ఐదున్నర కిలోలు చేరుతుంది. మిగతాదంతా మండిపోవడమో సముద్రంలో పడిపోవడమో. అక్కడ ఒక బోల్టు అనవసరంగా లావైతే ఎవరిదో ఒక పరికరం కింద ఉండిపోవాలి.

1995 జనవరి 14న అమెరికాలో బోయింగ్ వాళ్ళు 777 విమానం రెక్కల్ని కావాలని విరగ్గొట్టారు. పరీక్షశాలలో విమానాన్ని కట్టేసి, రెక్క కొనల్ని తాళ్ళతో పైకి లాగుతూ పోయారు. ఇరవై అడుగులకు పైగా వంగాక, అంచనా భారానికి 154 శాతం దగ్గర రెండు రెక్కలూ ఒకేసారి ఫెళ్ళున విరిగాయి. చుట్టూ ఉన్న ఇంజనీర్లు చప్పట్లు కొట్టారు. ఆ వీడియో మా గదిలో పిల్లలకు చూపిస్తే ఒకడు అడిగాడు: విరిగితే చప్పట్లేంటి మేస్టారూ అని. 150 దగ్గర విరగాల్సింది 154 దగ్గర విరిగింది. అంటే కాయితం మీద వేసిన లెక్కకి, అల్యూమినియం చేసిన పనికి మధ్య తేడా నాలుగంటే నాలుగు. అదే 200 దగ్గర విరిగుంటే? అప్పుడు చప్పట్లు కొట్టకూడదని నా అభిప్రాయం. ఎందుకంటే అక్కర్లేని లోహాన్ని ఆ విమానం పాతికేళ్ళో ముప్పయ్యేళ్ళో మోసుకు తిరుగుతుంది, మోసినంత కాలం దానికి ఇంధనం పోస్తూనే ఉండాలి. 2006 ఫిబ్రవరిలో ఎయిర్‌బస్ ఏ380 రెక్క ఇలాంటి పరీక్షలోనే 1.45 దాటి ఒకటిన్నరకి చేరేలోపు విరిగింది. సరిచేయడానికి కలిపిన లోహం దాదాపు 30 కిలోలు. ఐదొందల టన్నులకు పైబడిన విమానానికి 30 కిలోలు. మా బావ నడిపే గూడ్సులో ఒక్క పెట్టెకి అంటుకునే బొగ్గుమసి అంతకంటే ఎక్కువ తూగుతుందేమో.

ఏరోస్పేస్ ఇంజనీరు అనగానే మన కళ్ళముందు నీలాకాశం, నిప్పులు కక్కే రాకెట్టు వస్తాయి. బడి గోడల మీద బొమ్మలు కూడా అవే. ఆ వృత్తిలో రోజూ చేసే పని మాత్రం వేరు. ఎక్కడ ఎంత తీసేయొచ్చో వెతకడం. తీసేశాక మిగిలినదాని మీద పూచీపడి సంతకం పెట్టడం. మందం పోయినచోట దాని బదులు జ్ఞానాన్ని పెట్టాలి. ఈ లోహం ఎంత సాగుతుంది, ఈ రంధ్రం పక్కన ఒత్తిడి ఎంత పోగవుతుంది, ఈ పగులు నెలకి ఎంత పెరుగుతుంది, ఎన్ని గంటలు ఎగిరాక విప్పి చూడాలి. ఐదు రెట్ల మందమున్నవాడు ఇవన్నీ తెలుసుకోకపోయినా బతికిపోతాడు. ఒకటిన్నర ఉన్నవాడికి తెలియక తప్పదు.

మా బావకి ఇదంతా చెప్పడం తేలికే అయింది, ఎందుకంటే ఈ తెలివికి పుట్టిల్లు రైలే. 1842 మే నెలలో ఫ్రాన్సులో వెర్సాయ్ నుంచి పారిస్‌కి తిరిగొస్తున్న రైలింజన్ ఇరుసు విరిగింది. పెట్టెలు ఒకదానిమీదొకటి ఎక్కి మంటలంటుకున్నాయి. యాభైమందికి పైగా పోయారు. అంటార్కిటికా మంచులో ఓడలు నడిపి బతికొచ్చిన నావికుడు ద్యూమోఁ ద్యుర్విల్ కుటుంబంతో సహా ఆ రైల్లో కాలిపోయాడు. అప్పటిదాకా ఇరుసు విరిగితే ఇనుము నాసిరకమనేవారు. మంచి ఇనుమే, మోయగలిగిన భారమే, అయినా లక్షలసార్లు తిరిగి తిరిగి అలిసిపోయి విరుగుతుందన్న ఎరుక ఆ ప్రమాదం తర్వాతే బలపడింది. మరుసటి ఏడే రాంకిన్ అనే స్కాట్లండు ఇంజనీరు విరిగిన ఇరుసుల మీద పరిశీలన రాశాడు. తర్వాత జర్మనీలో ఔగుస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు ఇరుసుల్ని ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి, ఎంత భారానికి ఎన్ని తిప్పులకు విరుగుతుందో పట్టికలు వేశాడు. ఇవాళ ఏరోస్పేస్ విద్యార్థి లోహపు అలసట గురించి చదివే పాఠంలో గీసే మొదటి గీతకి ఆయన పేరే.

అయినా విమానాలవాళ్ళు ఆ పాఠాన్ని ప్రాణాలిచ్చి మళ్ళీ నేర్చుకున్నారు. మొదటి జెట్ ప్రయాణికుల విమానం కామెట్. 1954లో జనవరిలో ఒకటి, ఏప్రిల్లో ఒకటి ఇటలీ పక్క సముద్రం మీద గాల్లోనే విచ్చిపోయాయి. ఇంగ్లండులో ఫార్న్‌బరో దగ్గర ఇంకో కామెట్‌ని పెద్ద నీళ్ళతొట్టిలో ముంచి, లోపల ఒత్తిడి పెంచుతూ దించుతూ పోయారు. నిజంగా ఎగిరినవీ, తొట్టిలో ఎగిరినట్టు లెక్కగట్టినవీ కలిపి 3,057 ప్రయాణాలయ్యాక దాని ఒళ్ళు చీలింది. కిటికీల మూలల దగ్గర, రివెట్ల రంధ్రాల దగ్గర పగుళ్ళు. ఇరుసుకి తిరగడమెలాగో విమానం ఒంటికి పైకెక్కి దిగడం అలాగ. ఒక్కో ప్రయాణమూ ఒక తిప్పు.

మా నాన్నకి వోలర్ పేరు తెలియదు. సుత్తి తెలుసు. చక్రాన్ని సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, మోత విని, పగులుందో లేదో చెప్పేవాళ్ళు ఆ రోజుల్లో ఉండేవారు. ఖంగుమంటే మంచిది, బొంగురుపోతే పక్కన పెట్టాలి. తర్వాత ఆ పని అల్ట్రాసోనిక్ యంత్రాలకు పోయింది. ఇరుసులోకి శబ్దతరంగం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని తెరమీద చూస్తారు. నాన్న ఆ యంత్రాన్ని గౌరవించాడు గానీ, సుత్తిని ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడు దాంతో కొబ్బరికాయలు కొడుతున్నాం.

మా మేనకోడలికి ఈ సంగతి చెబితే అది ఫోన్లో వెతికి ఒకటి చూపించింది. కార్బన్ నార పొరలు అతికించి చేసే కొత్త విమాన భాగాల్లో పొరలు లోపల ఊడాయేమో చూడటానికి ఇప్పటికీ చేసే ఒక పరీక్ష, నాణెంతో తట్టి వినడం. మంచిచోట గట్టిగా మోగుతుంది, పొర విడిచినచోట మొద్దుగా పలుకుతుంది. కోట్ల రూపాయల విమానం, రూపాయి బిళ్ళ. "చూశావా మావయ్యా, తాతయ్య పనే" అంది. నాన్న విని, "అయితే దీనికి చెవులు బాగుండాల, ఆ పాటలు చెవిలో పెట్టుకోడం మానమను" అన్నాడు. వృత్తి సలహా కింద నేను విన్నవాటిలో అంత పనికొచ్చేది ఇంకోటి లేదు.

ఇంతవరకూ మంచి కబుర్లు. అయితే ఈ ఊరి మీదకి విమానాలు అంత అమాయకంగా రాలేదు. ఐఐటీ మొదలైన పాత భవనం హిజ్లీ నిర్బంధ శిబిరం. స్వాతంత్ర్య పోరాటంలో పట్టుబడినవాళ్ళను అందులో ఉంచేవారు. 1931 సెప్టెంబరు 16న అక్కడ పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో అదే ఆవరణ అమెరికా వైమానిక దళంవారి 20వ బాంబర్ కమాండ్‌కి ముఖ్య కేంద్రమైంది. అప్పటికి వాడుకలో ఉన్నవాటిలోకెల్లా పెద్దదీ, కొత్తదీ అయిన బీ-29 బాంబరు విమానాలు చుట్టుపక్కల చాకులియా, పియార్‌డోబా, దుధ్‌కుండీ, సలువా మైదానాల్లో దిగాయి. తర్వాత టోక్యోని కాల్చిన కర్టిస్ లెమే 1944 ఆగస్టు చివర్లో ఇక్కడికే వచ్చి ఆ దళానికి అధిపతయ్యాడు. ఆ విమానాల ఇంజన్లు మా ఎండకి వేడెక్కి మండిపోయేవి. బాగుచేసేవాళ్ళు పగటిపూట లోహం ముట్టుకోలేక రాత్రిళ్ళు పనిచేశారు.

1944 జూన్ 5న బీ-29లు మొట్టమొదటిసారి యుద్ధానికి లేచింది మా చుట్టూ ఉన్న ఈ మైదానాల నుంచే. 98 విమానాలు. గురి ఏమిటో తెలుసా? బ్యాంకాక్‌లో మక్కసాన్ రైల్వే కార్ఖానా. మా ఖరగ్‌పూర్ కార్ఖానాలాంటిదే, మా నాన్నలాంటివాళ్ళు సుత్తి పట్టుకుని తిరిగే షాపు. ఇది చదివినప్పటి నుంచి ఆ వృత్తి గురించి ఎవరు మహా పవిత్రంగా మాట్లాడినా నాకు మక్కసాన్ గుర్తొస్తుంది. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్ సాబర్ విమానాలు మా పక్కనున్న కలైకుండా స్థావరం మీద దాడి చేసి నేలమీదున్న మన విమానాల్ని తగలబెట్టాయి. రెండోసారి వచ్చినప్పుడు ఆల్ఫ్రెడ్ కుక్, మమ్‌గాయ్ అనే ఇద్దరు పైలట్లు హంటర్ విమానాల్లో వాటిని ఖరగ్‌పూర్ ఆకాశంలోనే తరిమికొట్టి వీరచక్ర పతకాలు అందుకున్నారు. ఆ తరం పెద్దలు అంత కిందికి దిగిన విమానాలను అంతకుముందు చూడలేదని చెబుతారు. ఏరోస్పేస్ చదివినవాళ్ళకు పనిచ్చే తలుపుల్లో రక్షణశాఖవి చాలా ఉంటాయి. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్ క్షిపణులు చేస్తుంది. ఆదిబట్లలో టాటా, బోయింగ్ కలిసి పెట్టిన కర్మాగారంలో అపాచీ యుద్ధ హెలికాప్టర్ల ఒళ్ళు తయారవుతాయి. ఆ తలుపు తోసుకుని వెళ్ళేవాళ్ళు ఏం చేస్తున్నామో తెలిసి వెళ్ళాలి. వెళ్ళొద్దని నేననను. దేశానికి కావలి కావాలనే అంటాను. మా మేనకోడలితో మక్కసాన్ సంగతి మాత్రం చెప్పాను. అది చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రైలు కట్టినోళ్ళు కూడా సైన్యాల్నే మోశారు కద మావయ్యా" అంది. జవాబు ఇవ్వలేకపోయాను.

మళ్ళీ బావ ప్రశ్నకి వస్తాను: పనిచ్చేదెవరు? బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ 1940 నుంచీ ఉంది, నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్ 1960 నుంచీ. ఇస్రో తన మనుషుల్ని తానే తయారు చేసుకోడానికి 2007లో తిరువనంతపురంలో ఒక సంస్థనే పెట్టుకుంది. వీటన్నిటిలోనూ సీట్లు తక్కువ, తొక్కిసలాట ఎక్కువ. ఏరోస్పేస్ పట్టా పుచ్చుకున్నవాళ్ళలో చాలామంది చివరికి సాఫ్ట్‌వేర్‌లోనో, బ్యాంకు లెక్కల్లోనో తేలతారు. దాచాల్సిన సంగతి కాదిది. ఐఐటీ సీటు కోసం పిల్లలు నా దగ్గర త్రికోణమితి నూరుతున్నప్పుడే చెబుతాను. అమెరికా పోదామంటే అక్కడ రాకెట్ల పని ఆయుధాల ఎగుమతి చట్టం కిందికొస్తుంది. పౌరులూ, గ్రీన్ కార్డున్నవాళ్ళూ తప్ప పరాయి దేశంవాళ్ళకు ఆ గదుల్లోకి దారి దాదాపు ఉండదు. 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షపు అంచు తాకివచ్చిన బండ్ల శిరీష ఆంధ్రలో పుట్టినా హ్యూస్టన్‌లో పెరిగింది, పర్‌డ్యూలో చదివింది. ఆ దారి అక్కడివాళ్ళది. మన పిల్లలు వీసా మీద పోయి అదే దారి పడదామనుకుంటే మధ్యలో గోడ తగులుతుంది. వాల్‌పోస్టరు చూసి కలలుగనే పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇంకో రకం దారి కూడా ఉంది. విశాఖపట్నం నుంచి వచ్చిన పవన్ కుమార్ చందన చదివింది మా గేటు అవతలి ఐఐటీలోనే. ఏరోస్పేస్ కూడా కాదు, మెకానికల్. తిరువనంతపురంలో ఇస్రో వాళ్ళ విక్రమ్ సారాభాయ్ కేంద్రంలో చేరి రాకెట్ల మీద పనిచేశాడు. 2018లో ఆ ఉద్యోగం వదిలేసి, ఇస్రోలోనే తోటి ఇంజనీరైన నాగ భరత్ డాకాతో కలిసి హైదరాబాద్‌లో స్కైరూట్ అనే కంపెనీ పెట్టాడు. ప్రభుత్వోద్యోగం వదిలిన సంగతి దగ్గర మా బావ ముఖం చూడాలి. 2022 నవంబరు 18న శ్రీహరికోటలో వాళ్ళ విక్రమ్-ఎస్ లేచింది. ఆరు మీటర్ల పొడవు, కార్బన్ నార ఒళ్ళు. 89.5 కిలోమీటర్ల ఎత్తుకి పోయి సముద్రంలో పడింది. మన దేశంలో ప్రైవేటు కంపెనీ కట్టిన రాకెట్టు ఎగరడం అదే మొదలు. అదీ 1971లో రోహిణి రాకెట్టుతో ప్రయోగాలు మొదలైన ఆ తెలుగు దీవి నుంచే. నెల్లూరు జిల్లావాడైన జి. సతీష్ రెడ్డి చదివింది అనంతపురం జేఎన్‌టీయూలో ఎలక్ట్రానిక్స్. క్షిపణుల్ని నడిపే పరికరాల మీద పనిచేస్తూ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకి అధిపతయ్యాడు. అంటే పట్టా మీద పేరేదైనా, ఒకటిన్నరతో బతకడం నేర్చుకున్నవాడికి ఆ చోటు దొరుకుతుంది. ఏరోస్పేస్ శాఖ చేసేది అదొక్కటే అని నాకనిపిస్తుంది. ఆ బతుకుని నాలుగేళ్ళు ముందుగా మొదలుపెట్టిస్తుంది.

అలా బతకడం ఒంటికి పడేవాళ్ళూ ఉన్నారు, పడనివాళ్ళూ ఉన్నారు. తెలివితక్కువ వల్ల కాదు. నా దగ్గర చదివినవాళ్ళలో లెక్కలు దివ్యంగా చేసే పిల్లలు కొందరికి జవాబు సరిపోతే చాలు. ఆ జవాబు ఎక్కడ తప్పిపోతుందో వెతకడమంటే చిరాకు. వాళ్ళు వేరే పనుల్లో గొప్పగా రాణిస్తారు. ఈ పనికి కావాల్సింది, తన లెక్కని తానే శత్రువులా పట్టుకుని కొట్టేవాడు. అంతా చేశాక కూడా ఆకాశం వినకపోవచ్చు. 2025 మే 18న అరవైకి పైగా ప్రయోగాలు చూసిన పీఎస్ఎల్వీ మూడో దశలో ఒత్తిడి పడిపోయి, ఈఓఎస్-09 ఉపగ్రహాన్ని కక్ష్యకి చేర్చలేకపోయింది. దాని మీద ఏళ్ళు వెచ్చించినవాళ్ళు ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఏం తిన్నారో అని ఆలోచిస్తాను. రైల్వేలో తప్పు జరిగితే విచారణ గదిలో జరుగుతుంది. వీళ్ళ తప్పు టీవీలో, దేశమంతా చూస్తుండగా బయటపడుతుంది.

మా మేనకోడలికి ఆ గుణం ఉందని నేననుకోవడానికి ఒక కారణముంది. చిన్నప్పుడు గాలిపటాలు చేసేది. పూరీ గేట్ పిల్లలంతా విశ్వకర్మ పూజ రోజున ఎగరేస్తారు. కార్ఖానాకి అది పెద్ద పండగ. అందరూ పుల్ల విరగకుండా లావుపాటిది పెడితే, ఇది పుల్లని బ్లేడుతో గీకి గీకి సన్నం చేసేది. విరిగితే ఇంకోటి. ఎక్కడ విరిగిందో అట్టమీద గుర్తు పెట్టుకునేది. నాన్న అది చూసి, "ఈ గుంట సరుకు పాడు చేత్తంది" అని విసుక్కునేవాడు. విసుక్కుంటూనే వెదురు చీల్చి ఇచ్చేవాడు.

ర్యాంకు వచ్చింది. గొప్పదేం కాదు, పనికొచ్చేది. కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీ, ఏ శాఖ, ఏది ముందు ఏది వెనక అని వరసగా పెట్టాలి. మా గదిలో కంప్యూటర్ ముందు అందరం చేరాం. బావ డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చాడు. పిల్ల మొదటి వరసలో ఖరగ్‌పూర్ ఏరోస్పేస్ పెట్టింది. బావ అన్నీ చదివించుకున్నాడు. దూరపు ఊళ్ళలో కంప్యూటర్ సీటు ఎక్కడెక్కడ రావచ్చో, హాస్టల్ ఎంతో, ఆ ఊళ్ళకు ఖరగ్‌పూర్ నుంచి సూటి బండి ఉందా లేదా, ఉంటే ఎక్కడ ఎన్ని గంటలు ఆగుతుందో అడిగాడు. అన్ని బండ్ల టైములూ అతనికే తెలుసు. అయినా నాతో చెప్పించుకున్నాడు. చివరికి ఒక ఊరి పేరు దగ్గర ఆగి, "ఇక్కడ జ్వరమొస్తే ఎవడు చూత్తాడు?" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు.

"పైనున్నదేది?"

"ఖరగ్‌పూరే నాన్నా. హాస్టల్లోనే ఉండాలి. కానీ ఆదివారాలు ఇంటికి రావొచ్చు."

"టోటోకి ఎంత?"

"ఇరవై."

"మరదే ఉంచీ. ఇమానమో ఏటో, ఇంటికి దగ్గరుంది" అని లేచి చొక్కా బొత్తాలు విప్పుకుంటూ స్నానానికి పోయాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, కంప్యూటర్ శాఖ ఎన్నో వరసలో ఉందని అడిగాడు. ఐదోది అని చెప్పాం. నాలుగుకి తెమ్మన్నాడు. తెచ్చాం.